నానాజాతి సమితి సంఘం, 1935 శాంతి బ్యాలెట్: ఏ లెక్క తీసుకోవాలి?

తుంగభద్ర_తీరం అడిగిన ప్రశ్న:

నమస్కారం. బ్రిటన్‌లో రెండు ప్రపంచ యుద్ధాల నడుమ పనిచేసిన లీగ్ ఆఫ్ నేషన్స్ యూనియన్ మీద తెలుగులో విజ్ఞానసర్వస్వ వ్యాసం రాస్తున్నాను. అది ప్రభుత్వ సంస్థ కాదు, పౌరులు చందాలు కట్టి నడుపుకున్న సంఘం. జెనీవా కేంద్రంగా పనిచేసిన దేశాల కూటమి లీగ్ ఆఫ్ నేషన్స్‌ను, అంటే నానాజాతి సమితిని, జనంలోకి తీసుకెళ్లడమే దాని పని. పుట్టుక, నాయకుల వివరాలు దొరికాయి. చిక్కంతా 1934–35లో ఇంటింటికీ పత్రాలు పంచి జరిపిన అభిప్రాయ సేకరణ, ‘శాంతి బ్యాలెట్’ దగ్గరే.

పాల్గొన్నవాళ్లు ఒక పుస్తకంలో కోటీ 15 లక్షలు, ఇంకోదాంట్లో కోటీ 16 లక్షలు, మూడోదాంట్లో కోటీ 11 లక్షలు. దురాక్రమణ చేసిన దేశం మీద సైనిక చర్యకు సరేనన్నవాళ్లు ఒకచోట 74 శాతం, మరోచోట 59 శాతం. రెండూ ఒకే ప్రశ్నకు జవాబులే! పోటీ పరీక్షల గైడ్లలో అయితే ‘బ్రిటన్ ప్రజలు యుద్ధం వద్దని ఓటేశారు’ అని ఒక్క వాక్యంతో తేల్చేస్తున్నారు. ప్రశ్నపత్రం చదివితే నాకు అలా అనిపించలేదు.

సభ్యత్వం అంకెలు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఇంటర్నెట్ లేని రోజుల్లో కోటి మంది చేత కాగితాలు ఎలా నింపించారో కూడా తెలిసినవాళ్లు చెప్పగలరా? పేర్లకు తెలుగు మాటలు సూచించినా మేలే.

---

లెక్కల_మాస్టారు:

ముందు అంకెలు. మీకు కనిపించిన మూడూ తప్పు కాదు, మూడూ వేరువేరు లెక్కలు.

1935 జూన్ చివర లండన్ ఆల్బర్ట్ హాల్ సభలో ఫలితాలు ప్రకటించారు. ఆ పట్టికలో మొత్తం పత్రాలు 1,15,59,165. ఆలస్యంగా చేరినవి కూడా కలిపితే తుది మొత్తం 1,16,40,066. ఇక కోటీ 11 లక్షలంటారా, అది మొత్తం కాదు. పత్రంలోని ఐదు ప్రశ్నల్లో మొదటిదానికి ‘అవును’ అన్నవాళ్లు 1,10,90,387 మంది. దాన్ని సర్దేసి, ‘పాల్గొన్నవాళ్లు’ అని ఎవరో రాసి ఉంటారు. ప్రశ్నలవారీ అంకెలన్నీ మొదటి మొత్తానికే సరిపోతాయి కాబట్టి శాతాలు కట్టేటప్పుడు 1,15,59,165తోనే భాగించాలి. తుది మొత్తంతో భాగిస్తే శాతాలు కొద్దిగా తగ్గి, లెక్క ఎక్కడా కలవదు.

ఇప్పుడు 74, 59 గొడవ. ఐదో ప్రశ్న రెండు ముక్కలు. ఒక దేశం పట్టుబట్టి ఇంకో దేశం మీద దాడి చేస్తే, మిగతా దేశాలన్నీ కలిసి దాన్ని ఆపాలా? (అ) ఆర్థిక, సైనికేతర చర్యలతో, (ఆ) అవసరమైతే సైనిక చర్యలతో. ‘ఆ’ ముక్కకు వచ్చినవి ఇవీ:

అవును: 67,84,368
కాదు: 23,51,981
జవాబు రాయనివాళ్లు: 23,64,441
‘క్రైస్తవ శాంతివాదం’ కింద లెక్కించినవి: 17,482
అర్థం తేలనివి: 40,893

కూడితే సరిగ్గా 1,15,59,165 వస్తుంది, చూసుకోండి. అవును, కాదు ఈ రెండే తీసుకుంటే అవునన్నవాళ్లు 74.3 శాతం. మొత్తం పత్రాల మీద చూస్తే 58.7. సమర్థకులు మొదటిది వాడారు, విమర్శకులు రెండోది. మీ వ్యాసంలో రెండూ ఇచ్చి, దేని మీద కట్టిన శాతమో అక్కడే రాయండి. నన్నడిగితే రెండోదే నిజాయితీగల లెక్క. ఎందుకంటే మొదటి ప్రశ్నకు జవాబు వదిలేసినవాళ్లు 1,02,425 మందే. ‘ఆ’ దగ్గరికొచ్చేసరికి ఆ సంఖ్య 23 రెట్లు పెరిగింది. అది మరచిపోయి వదిలేసిన ఖాళీ కాదు, చెప్పడానికి ఇష్టపడని ఖాళీ.

మిగతావి క్లుప్తంగా. బ్రిటన్ సమితిలో ఉండాలా అన్న మొదటిదానికి ‘కాదు’ 3,55,883. ఆయుధాల తగ్గింపుకు ‘అవును’ 1,04,70,489. సైనిక విమానాల రద్దుకు 95,33,558. లాభం కోసం ప్రైవేటుగా ఆయుధాలు తయారుచేసి అమ్మడాన్ని నిషేధించడానికి 1,04,17,329. ఐదులో ‘అ’ ముక్కకు 1,00,27,608. విమానాల ప్రశ్నకు మాత్రం ‘కాదు’ అన్నవాళ్లు 16,89,786 మంది. మొదటి నాలుగింటిలో అదే ఎక్కువ వ్యతిరేకత.

---

పాత_పత్రికలు:

కాగితాలు ఎలా నింపించారో చెప్తాను. ఇది లండన్ కార్యాలయంలో పుట్టిన ఆలోచన కాదు. లండన్ పక్కనున్న ఇల్ఫర్డ్ ఊళ్లో, 1934 మొదట్లో, స్థానిక పత్రిక సంపాదకుడూ అక్కడి శాఖవాళ్లూ కలిసి ఇంటింటి అభిప్రాయ సేకరణ చేశారు. 25 వేలకు పైగా జవాబులు వచ్చాయి. సంఘం అధ్యక్షుడు లార్డ్ రాబర్ట్ సెసిల్ అది చూసి దేశమంతా చేద్దామన్నాడు.

దేశవ్యాప్తంగా చేసేటప్పుడు సంఘం ఒక్కటే తన పేరు మీద నడపలేదు. ‘జాతీయ ప్రకటన కమిటీ’ అని విడిగా ఒకటి ఏర్పాటు చేసి, అందులో 38 సంస్థలను కూర్చోబెట్టారు. చర్చిలు, సహకార సంఘాలు, మహిళా సంఘాలు, లేబర్, లిబరల్ పార్టీలవాళ్లు ఉన్నారు. అధ్యక్షుడు సెసిలే. రోజువారీ పనంతా కార్యదర్శి డేమ్ అడిలైడ్ లివింగ్‌స్టన్ చేతుల్లో. అధికారికంగా దాని పేరు ‘నానాజాతి సమితి, ఆయుధాలపై జాతీయ ప్రకటన’. ‘శాంతి బ్యాలెట్’ జనం నోటికి ఎక్కిన పేరు. వ్యాసంలో ఈ రెండు పేర్లూ కనబడాలి, లేకపోతే పాత పత్రికల్లో వెతికేవాళ్లకు సగం సమాచారం దొరకదు.

క్షేత్రస్థాయిలో పద్ధతి ఇది. స్వచ్ఛంద కార్యకర్తలు దాదాపు 5 లక్షల మంది. ఒక్కొక్కరికీ ఒక వీధో కొన్ని వీధులో. ఇంటికెళ్లి, 18 ఏళ్లు దాటినవాళ్లు ఎందరో అడిగి, తలా ఒక పత్రం ఇచ్చి రావడం మొదటి విడత. కొన్ని రోజులాగి మళ్లీ వెళ్లి, నింపినవి తెచ్చుకోవడం రెండో విడత. ఊరి లెక్క తేలగానే పైకి పంపేవాళ్లు. 1934 శరత్కాలంలో మొదలై 1935 జూన్ దాకా సాగింది. మొత్తాలు పెరుగుతున్న కొద్దీ వాటినే ప్రచారానికి వాడుకున్నారు. అదే దాని బలం, అదే లోపం కూడా. పక్క ఊళ్లో 90 శాతం ‘అవును’ అన్నారని చదివినవాడి చేతికి పత్రం అందుతోంది మరి.

ఇంకా కొన్ని లోపాలు. వచ్చి అడుగుతున్నది ఆ ఉద్యమం మనిషే. పోలింగ్ బూత్‌లో లాగా గోప్యత లేదు. కార్యకర్తలు దొరకనిచోట వీధులకు వీధులే మిగిలిపోయాయి. మొత్తమ్మీద వయోజనుల్లో సుమారు 38 శాతాన్ని అందుకోగలిగారు. కాబట్టి దాన్ని ‘రెఫరెండం’ అనడం మాటవరసకే. చట్టబద్ధత ఏమీ లేదు, ప్రభుత్వం జరిపింది కాదు.

సభ్యత్వం సంగతి. 1920ల నడిమికి రెండున్నర లక్షలు. 1931లో 4 లక్షలు దాటి శిఖరం. రెండో యుద్ధం నాటికి జారిపోయి లక్ష దగ్గరికి. ఇవి ఆ సంవత్సరం చందా కట్టినవాళ్ల లెక్కలు. చర్చిలు, పాఠశాలలు, ఇతర సంఘాలు సంస్థలుగా కూడా చేరేవి. వాటిని మనుషుల్లో కలిపేస్తే అంకె ఇష్టమొచ్చినంత పెరుగుతుంది. ఏ అంకె రాసినా పక్కన సంవత్సరం లేకపోతే దానికి విలువ లేదు.

---

తుంగభద్ర_తీరం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. మొత్తం వేసి చూశాను, సరిపోయింది. ఇప్పుడు అసలు సందేహం. ‘యుద్ధం వద్దని ఓటేశారు’ అన్న మాట ఎక్కణ్నుంచి పుట్టింది? 67 లక్షల మంది సైనిక చర్యకే సరేనన్నాక, దీన్ని శాంతివాదుల ఓటు అనడానికి ఆధారమేమిటి?

---

జెనీవా_గడియారం:

మూడు సంఘటనలను ఒకే తాడుకు కట్టేయడం వల్ల వచ్చిన తంటా ఇది.

ఒకటి, 1933 ఫిబ్రవరి 9న ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల చర్చావేదిక, ‘రాజు కోసం, దేశం కోసం పోరాడబోము’ అన్న తీర్మానాన్ని 275–153తో నెగ్గించింది. రెండు, అదే ఏడాది అక్టోబర్ 25న ఈస్ట్ ఫుల్హమ్ ఉప ఎన్నికలో 14 వేల పైచిలుకు మెజారిటీ ఉన్న కన్జర్వేటివ్ సీటు లేబర్ అభ్యర్థికి పోయింది. దాన్ని నిరాయుధీకరణ గాలి అన్నారు, ఇళ్ల అద్దెలూ నిరుద్యోగమూ కూడా ఆ ఎన్నికలో ఉన్నాయనేది వెనక్కిపోయింది. మూడోది ఈ బ్యాలెట్. పాఠ్యపుస్తకాలకు మూడూ ఒకే వరుస. దానికి తోడు పేరులోనే ‘శాంతి’ ఉంది కదా.

ఇంకో గందరగోళం, శాంతి ప్రతిజ్ఞా సంఘంతో. 1934 అక్టోబర్‌లో డిక్ షెపర్డ్ అనే మతాచార్యుడు పత్రికల్లో లేఖ రాసి, ఇక ఏ యుద్ధాన్నీ సమర్థించబోమని ఒప్పుకునే మగవాళ్లు పోస్టుకార్డు పంపమన్నాడు. దాంట్లోంచి పుట్టింది 1936 నాటి పీస్ ప్లెడ్జ్ యూనియన్. అది ఏ పరిస్థితిలోనూ ఆయుధం పట్టమన్నవాళ్ల సంఘం. మీరు రాస్తున్న యూనియన్ అది కాదు. సమితి నిబంధన పత్రంలో దురాక్రమణదారు మీద సమష్టి చర్య ఉంది, వీళ్లు దాన్ని అమలు చేయమనే అడిగారు. ఆ సమితి నిబంధన పత్రం రాయడంలో సెసిల్‌కే చెయ్యి ఉంది. ఆయన యుద్ధనిరాకరణవాది ఎలా అవుతాడు? ఆల్బర్ట్ హాల్ రెండు గుంపులకూ సభాస్థలి కావడంతో ఆ సభలను కూడా కలిపేస్తుంటారు, జాగ్రత్త.

రెండు నుంచి నాలుగు దాకా ప్రశ్నల పాఠం మీ వ్యాసంలో పూర్తిగా పెట్టండి. మూడింటిలోనూ ‘అంతర్జాతీయ ఒప్పందం ద్వారా’ అన్న మాట ఉంది. బ్రిటన్ ఒంటరిగా ఆయుధాలు దించాలని ఎక్కడా అడగలేదు. ఆ మాటలు కత్తిరించి అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. గైడ్లలో జరిగింది అదే అనుకుంటాను.

తరవాత జరిగింది కూడా రాయాలి, లేకపోతే బ్యాలెట్‌కు ఫలితమేమిటో తెలియదు. ముందు పత్రికాధిపతి లార్డ్ బీవర్‌బ్రూక్ పత్రికలు దాన్ని ‘రక్తపు బ్యాలెట్’ అని దుమ్మెత్తిపోశాయి. అంటే ఆనాటి ప్రత్యర్థులకు అది యుద్ధంలోకి లాగే ఓటుగానే కనిపించింది! పిరికివాళ్ల ఓటన్న ముద్ర తరవాతి కాలానిది. కన్జర్వేటివ్‌లు మొదట దూరంగా ఉన్నారు. సంఘం కార్యవర్గంలోనే ఉన్న కన్జర్వేటివ్ నాయకుడు, మాజీ విదేశాంగ మంత్రి ఆస్టిన్ ఛాంబర్లిన్‌కే ఇది నచ్చలేదు. కోటి దాటాక మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. 1935 సెప్టెంబర్ 11న విదేశాంగ మంత్రి శామ్యూల్ హోర్ జెనీవాలో సమష్టి ప్రతిఘటనకు బ్రిటన్ కట్టుబడి ఉందని గట్టిగా ప్రసంగించాడు. అక్టోబర్ 3న ఇటలీ అబిసీనియా (నేటి ఇథియోపియా) మీద పడింది. నవంబర్ 14న బ్రిటన్‌లో ఎన్నికలు, ప్రధాని బాల్డ్విన్ ప్రభుత్వం సమితి పేరు చెప్పుకునే గెలిచింది. నవంబర్ 18న ఇటలీ మీద సమితి ఆంక్షలు అమల్లోకి వచ్చాయి, కానీ వాటిలో చమురు లేదు, సూయజ్ కాలువ మూయలేదు. ముస్సోలినీ ఓడలు రాకపోకలు సాగిస్తూనే ఉన్నాయి. డిసెంబర్‌లో అదే హోర్, ఫ్రాన్స్ ప్రధాని లవాల్ కలిసి అబిసీనియాలో పెద్ద ముక్క ఇటలీకి అప్పగించే పథకం వేశారు. అది పత్రికలకు పొక్కి, జనం మండిపడితే 18న హోర్ రాజీనామా చేశాడు. ఆ మండిపాటు వెనక బ్యాలెట్‌లో ఇల్లిల్లూ తిరిగిన యంత్రాంగం ఉంది. 1936 జూలైలో ఆంక్షలే ఎత్తేశారు.

కాబట్టి నా లెక్క ప్రకారం ఇది సామూహిక భద్రతకు పడ్డ ఓటు. దాన్ని వాడుకుని వదిలేసింది ప్రభుత్వం.

---

లెక్కల_మాస్టారు:

జెనీవా_గడియారం గారితో చాలావరకు ఏకీభవిస్తాను, చివరి వాక్యంతో పూర్తిగా కాదు. సామూహిక భద్రత అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది, దానికి మనిషి ఏం ఇవ్వాలో ప్రశ్నలో లేదు. ‘మిగతా దేశాలన్నీ కలిసి’ అన్నారు. బ్రిటన్ సైన్యం పోవాలా, ఎంత పోవాలి, అందుకు ఆయుధాలు పెంచుకోవాలా అని అడగలేదు. 1935 మార్చిలో, సేకరణ సగంలో ఉండగానే, జర్మనీ నిర్బంధ సైనిక సేవ ప్రకటించింది, బ్రిటన్ ప్రభుత్వం ఆయుధాలు పెంచుతామని శ్వేతపత్రం తెచ్చింది. పత్రంలోని ప్రశ్నలు మాత్రం 1934 నాటివే.

ఇల్ఫర్డ్ చూడండి. అక్కడ అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒకటి లొకార్నో ఒప్పందం మీద: ఫ్రాన్స్, జర్మనీల్లో ఒకటి రెండోదాని మీద దాడి చేస్తే బ్రిటన్ సాయానికి వెళ్లాలన్న షరతు మీకు సమ్మతమేనా? కాదన్నవాళ్లు అవునన్నవాళ్లకు సుమారు మూడింతలు. దేశవ్యాప్త బ్యాలెట్‌లో ఐదు ‘ఆ’కు అవునన్నవాళ్లు కాదన్నవాళ్లకు దాదాపు మూడింతలు! పేరు పెట్టి, దేశం చెప్పి, మీరు వెళ్తారా అని అడిగితే ఒక జవాబు. ‘దేశాలన్నీ కలిసి’ అంటే ఇంకో జవాబు. లొకార్నో ప్రశ్న దేశవ్యాప్త పత్రంలోకి రాలేదు. ఈ రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టకుండా రాసిన వ్యాసం ఏదైనా నాకు సగం వ్యాసమే.

ఇంకొకటి, ‘అ’ నుంచి ‘ఆ’కు వచ్చేసరికి 32 లక్షలకు పైగా ‘అవును’లు రాలిపోయాయి. వాళ్లలో చాలామంది ఆంక్షలతోనే పని అయిపోతుందని నమ్మి ఉంటారు. అబిసీనియా విషయంలో ప్రభుత్వం నడిచింది కూడా అదే నమ్మకం మీద, ఇంకా నీళ్లు కలిపి.

---

జెనీవా_గడియారం:

లొకార్నో పోలికకు ఒప్పుకుంటాను. అయితే ఇల్ఫర్డ్ ఒక్క ఊరు, పైగా అక్కడి పత్రిక ప్రచారం తీరు వేరు. దేశమంతా అలాగే జవాబిచ్చేదని చెప్పలేం. ‘ప్రశ్న వేసిన తీరు జవాబును మార్చింది’ అన్నంతవరకు రాయొచ్చు.

---

వాల్తేరు_మెట్టు:

పేర్ల గురించి. ‘లీగ్ ఆఫ్ నేషన్స్’కు ‘నానాజాతి సమితి’ తెలుగులో ఎప్పుడో స్థిరపడింది, మార్చకండి. ‘యూనియన్’ను వాడితే మనవాళ్లకు కార్మిక యూనియనో, దేశాల కూటమో అనిపిస్తుంది. ‘నానాజాతి సమితి సంఘం’ చాలు, మొదటిసారి మాత్రం అసలు పేరు తెలుగు లిపిలో ఇవ్వండి. వ్యాసంలో ‘సమితి’ అంటే జెనీవాది, ‘సంఘం’ అంటే లండన్‌ది అని మొదట్లోనే చెప్పేస్తే తరవాత తడబాటు ఉండదు.

అసలు ఇబ్బంది ‘శాంతివాది’ మాటతో. తెలుగులో మనం సెసిల్‌నూ శాంతివాది అంటాం, షెపర్డ్‌నూ శాంతివాది అంటాం. ఒకాయన అవసరమైతే సైన్యాన్ని పంపమంటాడు, ఇంకొకాయన ససేమిరా అంటాడు. షెపర్డ్ తరహావాళ్లకు ‘యుద్ధనిరాకరణవాదులు’ అని వాడండి. ఇంతకుముందు చెప్పిన 17,482 మందిదీ ఆ కోవే. ‘కలెక్టివ్ సెక్యూరిటీ’కి ‘సామూహిక భద్రత’ బాగానే ఉంది.

సంఘం పుట్టుక తేదీ కూడా సరిచూసుకోండి. 1918 అక్టోబర్ 13. యుద్ధం ఇంకా ముగియలేదు, సమితి ఇంకా పుట్టలేదు. అప్పటికే ఉన్న రెండు చిన్న సంఘాలు కలిసి ఇది ఏర్పడింది. సమితి కంటే దాని ప్రచార సంఘానికే వయసెక్కువ! రాజముద్ర చార్టర్ 1925లో వచ్చింది. 1945లో ఐక్యరాజ్య సమితి సంఘం ఏర్పడి దీని పనిని అందుకుంది. సంఘం కాగితాలు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గ్రంథాలయంలో ఉన్నాయి.

మనవైపు సంబంధం కావాలని లాగి రాయొద్దు. భారతదేశం సమితిలో స్థాపక సభ్యురాలే అయినా, బ్యాలెట్ ఇక్కడ జరగలేదు. నాకు తెలిసిన సంబంధం ఒకటే, అదీ పక్కదారిన. సంఘాన్ని సెసిల్‌తో పాటు ఏళ్ల తరబడి నడిపిన గిల్బర్ట్ ముర్రే, జెనీవాలో సమితి మేధోసహకార కమిటీకి కూడా అధ్యక్షుడు. 1931లో ఆ కమిటీలో సభ్యుడైన సర్వేపల్లి రాధాకృష్ణన్ అదే ఏడాది వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి అయ్యారు. ఒక వాక్యానికి మించి రాయకండి, ఆయనకు బ్యాలెట్‌తో పని లేదు.

దానికి బదులు వేల్స్‌కు ఒక పేరా ఇవ్వండి. అక్కడ పది లక్షల మందికి పైగా, అంటే 62 శాతం పాల్గొన్నారు. మిగతా బ్రిటన్‌తో పోలిస్తే చాలా ఎక్కువ. ఇది ఊరికే రాలేదు. 1923–24లోనే అక్కడి మహిళలు ఇల్లిల్లూ తిరిగి, అమెరికా సమితిలో చేరాలని కోరుతూ అమెరికా మహిళలకు పంపే విన్నపానికి 3,90,296 సంతకాలు సేకరించారు. ఓక్ చెక్క పెట్టెలో పెట్టి ఓడలో తీసుకెళ్లారు. కాగితాలు పరిస్తే ఏడు మైళ్లన్నారు. ఆ పెట్టె 2023లో వేల్స్‌కు తిరిగొచ్చింది. పదేళ్ల ముందు తలుపులు తట్టిన అనుభవం ఉన్న ఊళ్లలో శాంతి బ్యాలెట్‌కు మనుషులు సులువుగానే దొరికి ఉంటారు.

---

తుంగభద్ర_తీరం:

అందరికీ కృతజ్ఞతలు. ముఖ్యమైన పేరాకు చిత్తు ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి:

“1934–35లో నానాజాతి సమితి సంఘం చొరవతో 38 సంస్థల కమిటీ జరిపిన శాంతి బ్యాలెట్‌లో 1,15,59,165 మంది బ్రిటన్ ఓటర్లు పాల్గొన్నారు (ఆలస్యంగా అందినవి కలిపితే 1,16,40,066). దురాక్రమణను ఆపడానికి అవసరమైతే సైనిక చర్య తీసుకోవడానికి 67,84,368 మంది సమ్మతించారు. ఇది మొత్తం పత్రాల్లో 58.7 శాతం, అవును–కాదు జవాబుల్లో 74.3 శాతం. 23,64,441 మంది ఆ ప్రశ్నను ఖాళీగా వదిలారు.”

---

పాత_పత్రికలు:

‘ఓటర్లు’ తీసేయండి. ఆనాడు పార్లమెంటు ఓటు హక్కు 21 ఏళ్లకు, ఈ పత్రం 18 దాటిన ఎవరికైనా ఇచ్చారు. ‘18 ఏళ్లు దాటిన బ్రిటన్ పౌరులు’ అని మార్చితే సరిపోతుంది. మిగతాది బాగుంది.